పేరొక్కటే, గొంతులు వేరు

రెండు బొబ్బిలి వీణలు ఒకేలా మోగవు అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పనసచెక్క ఏ చెట్టుదో, ఎన్నాళ్ళు ఆరిందో, చెక్కిన చెయ్యి ఎవరిదో అనుకుని సరిపెట్టుకుంటాం. ఎలక్ట్రానిక్ పెట్టె సంగతి అలా కాదు కదా! దానికో సర్క్యూట్ బొమ్మ ఉంటుంది. అందులో ప్రతి రెజిస్టరుకీ, ప్రతి కెపాసిటరుకీ విలువ రాసి ఉంటుంది. అదే బొమ్మ, అవే విలువలు, అదే ఫ్యాక్టరీ అయితే ఫలితం కూడా అదే రావాలి. ఒకే సోర్సు, ఒకే కంపైలరు, ఒకే బైనరీ. మన ఉద్యోగాలు మనకు నేర్పిన తర్కం ఇదే.

ఇప్పుడు 1960ల నాటి గిటారు ట్యూబ్ ఆంప్లిఫయర్లు వాడేవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే ఏడాదివి రెండు ఆంప్‌లు పక్కపక్కన పెట్టి, అదే గిటారు తగిలించి, నాబులన్నీ అవే అంకెల మీద పెట్టినా ఒకటి తీయగా పాడుతుందని, రెండోది రేకుడబ్బాలా గోల చేస్తుందని చెప్తారు. ఇదంతా చెవుల భ్రమ అని కొట్టిపారేసే ఇంజనీర్లున్నారు. అది ఆ కాలం మహిమ, మనకి అర్థం కాదు అని దణ్ణం పెట్టేసే భక్తులూ ఉన్నారు. నాకైతే ఇద్దరి మాటా నచ్చదు. కారణాలు లెక్కకి అందేవే. కాకపోతే వాటిలో సగం ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో ఉంటాయి, మిగతా సగం చరిత్రలో. అందులోనూ సంగీత చరిత్రలో కంటే ఆ కంపెనీల పర్చేజ్ డిపార్ట్‌మెంట్ల చరిత్రలో ఎక్కువ.

ట్యూబు ఎరగని కుర్రాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మన తాతల ఇళ్ళలో వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి వేశాక అది వేడెక్కి గొంతు విప్పడానికి కాస్త టైము పట్టేది. ఆ వాల్వే ఈ ట్యూబు. గాజుబుడ్డిలోంచి గాలి తీసేసి, లోపల ఒక లోహపు ముక్కని వేడి చేస్తే దాన్నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి ఎదురుగా ఉన్న ప్లేటు వైపు పరుగెడతాయి. దారిలో సన్నటి తీగల జల్లెడ లాంటిది అడ్డం ఉంటుంది. దాని మీద వోల్టేజి కాస్త మారిస్తే చాలు, ఆ ప్రవాహం బాగా మారిపోతుంది. ఆంప్లిఫికేషన్ అంటే అంతే. 1947లో ట్రాన్సిస్టరు పుట్టాక ట్యూబు ఒక్కోచోటే ఖాళీ చేసుకుంటూ వెళ్ళిపోయింది, గిటారు ఆంప్‌ల నుంచి మాత్రం కదల్లేదు. ఎందుకంటే శక్తికి మించి వాయించినప్పుడు అది బొంగురుపోయే తీరు చెవికి ఇంపుగా ఉంటుంది. ఇంజనీర్లు డిస్టార్షన్ అని తిట్టేదాన్ని గిటారు వాళ్ళు టోన్ అని ముద్దు చేస్తారు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

సరే, కథలోకి వెళ్దాం. లియో ఫెండర్ అనే ఆయన కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసుకునేవాడు. ఆయనకి గిటారు వాయించడం రాదు. అయినా 1951లో ప్రెసిషన్ బాస్ అనే గిటారు, దానికి తోడుగా 1952లో బాస్‌మన్ అనే ఆంప్ తయారు చేశాడు. మొదట్లో అందులో 15 అంగుళాల స్పీకరు ఒకటే ఉండేది. 1950ల నడుమ అది పోయి 10 అంగుళాలవి నాలుగు వచ్చాయి. బాస్ వాళ్ళ కోసం చేసిన ఆ నాలుగు స్పీకర్ల పెట్టెని మామూలు గిటారు వాళ్ళు ఎగరేసుకుపోయారు.

ఫెండర్ కంపెనీకి ఆ రోజుల్లోనే ఒక వెర్షన్ కంట్రోల్ ఉండేది! బాస్‌మన్ వెర్షన్లలో అందరూ వెతుక్కునేది 5ఎఫ్6-ఎ. మొదటి 5 అంటే 1950ల దశకం. ఎఫ్ అంటే సర్క్యూట్ సవరణ అక్షరం. 6 అంటే బాస్‌మన్ మోడలు. చివరి ‘ఎ’ దాని మీద ఇంకో ప్యాచ్. 5ఎఫ్6లో కరెంటుని ఏసీ నుంచి డీసీకి మార్చడానికి 83 అనే పాదరసపు ఆవిరి ట్యూబు వాడితే, 5ఎఫ్6-ఎలో జీజెడ్34 అనేది పెట్టారు. ఈ చివరి రకం 1958 నుంచి 1960 దాకా వచ్చింది. కానీ ఈ నంబరంతా లోపల అంటించిన ట్యూబ్ చార్టు మీద ఉండేది. బయట పలక మీద మాత్రం ఏ ఏడు చూసినా బాస్‌మన్ అనే ఉండేది. 1952లో కొన్నవాడిదీ బాస్‌మనే, 1959లో కొన్నవాడిదీ బాస్‌మనే. లోపల చూస్తే రెండూ వేరువేరు యంత్రాలు.

ఇంకో ముచ్చట. 1960ల నాటి ఫెండర్ సర్క్యూట్ బొమ్మల్లో ఒక మూల చిన్న గమనిక ఉంటుంది. చూపించిన వోల్టేజీలు 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చని, విడిగా చెప్పకపోతే రెజిస్టర్లన్నీ 10 శాతం టాలరెన్స్‌వని దాని సారాంశం. లెక్క వేసుకోండి. బొమ్మలో 450 వోల్టులు అని ఉన్నచోట మీ మీటరు 360 చూపించినా, 540 చూపించినా ఆ ఆంప్ ‘స్పెసిఫికేషన్ ప్రకారమే’ ఉన్నట్టు! రెండు ఆంప్‌లు ఒకేలా ఉంటాయని కంపెనీ ఎప్పుడూ మాట ఇవ్వలేదన్నమాట. ఆ మాట మనమే ఊహించుకున్నాం.

అమెరికాలో ఇలా ఉండగా, లండన్‌లో ఈ బాస్‌మన్‌కి ఒక కవల పుట్టింది. జిమ్ మార్షల్ డ్రమ్ములు నేర్పే మాస్టారు. 1960లో లండన్ పడమటి వైపు హాన్‌వెల్‌లో డ్రమ్ముల కొట్టు పెట్టాడు. పీట్ టౌన్‌షెండ్, రిచీ బ్లాక్‌మోర్ లాంటి కుర్రాళ్ళు ఆ కొట్టుకి వచ్చి గిటార్లు, ఆంప్‌లు కూడా అమ్మమని పోరు పెట్టారు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ ఆంప్‌లేమో ఆ కుర్రాళ్ళు అందుకోలేని ధర. దాంతో కొట్టులో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, ఈఎమ్ఐ కంపెనీలో అప్రెంటిసుగా ఉన్న పద్ధెనిమిదేళ్ళ డడ్లీ క్రేవెన్ కలిసి, బాస్‌మన్ 5ఎఫ్6-ఎని నమూనాగా పెట్టుకుని 1962లో సొంతంగా ఒకటి కట్టారు. దాని పేరు జేటీఎమ్45. జిమ్, ఆయన కొడుకు టెరీ, మార్షల్ అనే ఇంటిపేరు, మూడూ కలిపి జేటీఎమ్.

రెండు సర్క్యూట్ బొమ్మలూ పక్కపక్కన పెడితే, మన భాషలో చెప్పాలంటే, డిఫ్ దాదాపు ఖాళీ. కానీ చిన్నచిన్న లైన్లు కొన్ని మారాయి. బాస్‌మన్‌లో మొదటి ట్యూబు 12ఎవై7, దాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టరు 44 దరిదాపుల్లో ఉంటుంది. మార్షల్‌లో అక్కడ ఈసీసీ83 పెట్టారు. అంటే 12ఎఎక్స్7కి యూరప్ పేరు, దాని ఫ్యాక్టరు 100. మొదటి మెట్టు దగ్గరే కాగితం మీద రెట్టింపు దాటిందన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్లు రేడియోస్పేర్స్ అనే విడిభాగాల కంపెనీ నుంచి తెచ్చారు. 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లకి బదులు 12 అంగుళాల సెలెస్షన్ స్పీకర్లు, అవీ వెనక మూసేసిన పెట్టెలో.

ఇంకో మార్పు మరీ సూక్ష్మం. బాస్‌మన్‌లో 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగు పారలల్‌గా ఉంటాయి కనక అవుట్‌పుట్ 2 ఓమ్‌లు. అక్కణ్ణించి కొంత సిగ్నల్‌ని 27 కిలో ఓమ్‌ల రెజిస్టరు ద్వారా వెనక్కి పంపుతారు. దాన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మార్షల్‌లో కూడా అదే 27 కిలో ఓమ్‌లు. అయితే తీగ తగిలించింది 16 ఓమ్‌ల టాప్ దగ్గర. అక్కడ వోల్టేజి 2 ఓమ్‌ల దగ్గర కంటే దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. రెజిస్టరు మారలేదు, విలువ మారలేదు, వెనక్కి వెళ్ళే మోతాదు మాత్రం దాదాపు మూడింతలైంది. ఒక్క ‘చిన్న’ డిపెండెన్సీ మారితే ప్రోగ్రాం నడత మారిపోయినట్టే ఇది కూడా.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. మార్షల్ ఆంప్‌ల తర్వాతి పదేళ్ళ చరిత్ర అంతా ఇలాంటి మార్పులే. పవర్ ట్యూబులు మొదట 5881లు, తర్వాత కేటీ66లు, 1966 ప్రాంతంలో ఈఎల్34లు. ట్రాన్స్‌ఫార్మర్లు 1965లో రేడియోస్పేర్స్ నుంచి డ్రేక్ కంపెనీకి మారాయి. 1968 ప్రాంతంలో లీడ్ మోడళ్ళలో మొదటి ట్యూబు రెండు సగాల కేథోడ్లూ విడదీసి, ఒకదానికి 2.7 కిలో ఓమ్‌లు, 0.68 మైక్రోఫారడ్ పెట్టారు. దాంతో ఆ ఛానల్‌లో మంద్రం తగ్గి పదును పెరిగింది. 1969లో ముందున్న ప్లెక్సీగ్లాస్ పలక పోయి అల్యూమినియం పలక వచ్చింది. 1973-74 నాటికి చేత్తో తీగలు కట్టే బోర్డు పోయి ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు వచ్చింది. అదే రోజుల్లో అమెరికాకి వెళ్ళిన వాటిలో అక్కడి డిస్ట్రిబ్యూటరు ఈఎల్34ల స్థానంలో 6550లు పెట్టించాడు. అంటే ఒకే మోడలు, ఒకే ఏడాది, లండన్‌లో కొంటే ఒక ట్యూబు, న్యూయార్క్‌లో కొంటే ఇంకో ట్యూబు.

మోడలు నంబర్ల తమాషా కూడా చెప్పాలి. మార్షల్ 100 వాట్ల సూపర్ లీడ్ మోడలు నంబరు 1959. దానికి 1959వ సంవత్సరంతో ఏ సంబంధమూ లేదు, అది పుట్టింది 1965లో. 50 వాట్ల దాని నంబరు 1987, అదీ 1960ల సరుకే. 1966లో వచ్చిన ‘బ్లూస్ బ్రేకర్స్’ ఆల్బంలో ఎరిక్ క్లాప్టన్ వాయించిన కాంబో నంబరు 1962. ఇవన్నీ కేటలాగు సంఖ్యలు. ‘నా దగ్గర 1968 నాటి 1959 ఉంది’ అని ఎవరైనా అంటే మతి పోయిందనుకోకండి, సరిగ్గానే మాట్లాడుతున్నాడు.

ఫెండర్ వైపు చూసినా ఇదే వరస. 1965 జనవరిలో సీబీఎస్ అనే బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఫెండర్‌ని 1 కోటీ 30 లక్షల డాలర్లకి కొనేసింది. ట్విన్ రివర్బ్ అనే ఆంప్ 1963లో పుట్టినప్పుడు నల్ల పలకతో 85 వాట్లు. 1968కల్లా వెండి పలక వచ్చి సర్క్యూటులో సవరణలు మొదలయ్యాయి. 1970ల మొదట్లో మాస్టర్ వాల్యూం చేరింది. 1977లో అల్ట్రాలీనియర్ రకం ట్రాన్స్‌ఫార్మరుతో 135 వాట్లకి చేరింది. ఇన్ని జరిగినా పేరు మాత్రం ట్విన్ రివర్బే.

ఈ మార్పుల్లో చాలావాటిని ఎవరూ ‘రాక్ సంగీతానికి కొత్త గొంతు ఇద్దాం’ అని మీటింగు పెట్టి చెయ్యలేదు. ఏ సరుకు చేతికందితే అది, ఏది చవకైతే అది, ఏది కాలిపోకుండా ఉంటే అది. అలా వచ్చిన వాటిలో ఒకటి ఎవడో మహానుభావుడి చేతిలో పడి రికార్డు అయ్యింది. ఆ రికార్డు విని పెరిగినవాళ్ళకి అదే ‘అసలైన మార్షల్ శబ్దం’ అయిపోయింది.

ఇక్కడిదాకా చదివి మీరొక ప్రశ్న వెయ్యొచ్చు. ఏళ్ళ మధ్య తేడా అర్థమైంది, మరి ఒకే వారంలో ఒకే బల్ల మీద తయారైన రెండింటి మాటేమిటి?

మళ్ళీ టాలరెన్స్ దగ్గరికే రావాలి. ఆ కాలపు కార్బన్ కాంపోజిషన్ రెజిస్టర్లకి వెండి రంగు పట్టీ ఉంటే 10 శాతం, అసలు పట్టీ లేకపోతే 20 శాతం తేడా ఉండొచ్చు. పొటెన్షియోమీటర్లు, అంటే మనం తిప్పే నాబుల వెనక ఉండేవి, 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలు. పైగా తిప్పే కొద్దీ విలువ మారే తీరు కూడా ఒకదానికొకటి పోలదు. కాబట్టి రెండు ఆంప్‌ల మీదా నాబు 5 దగ్గర పెట్టామంటే రెండూ ఒకే సెట్టింగులో ఉన్నాయని కాదు, రెండు నాబుల మీదా ఒకే అంకె కనిపిస్తోందని మాత్రమే. పోలిక అక్కడే తప్పుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లయితే ఇంకా దారుణం. రాసినదానికంటే 20 శాతం తక్కువ నుంచి 80 శాతం ఎక్కువ దాకా ఉన్నా వాటిని మంచివనే అమ్మేవారు.

ఇవి విడివిడిగా చిన్నవే, వరసలో కలిస్తే కాదు. ఊరికే లెక్క కోసం, మూడు మెట్లున్న ఆంప్‌లో ఒకదానికి ప్రతి మెట్టులోనూ గెయిన్ 10 శాతం ఎక్కువ, రెండోదానికి 10 శాతం తక్కువ అనుకోండి. మొదటిది 1.33 రెట్లు, రెండోది 0.73 రెట్లు. రెండింటి మధ్య తేడా 1.8 రెట్ల పైమాట, అంటే 5 డెసిబెల్స్. ఒకటి ఇంకా శుభ్రంగా పాడుతుండగానే రెండోది బొంగురుపోవడం మొదలవడానికి అది చాలు.

పవర్ ట్యూబులది వేరే కథ. వీటిని జంటగా వాడతారు, ఒకటి నెడుతుంటే ఇంకొకటి లాగుతుంది. రెండూ అచ్చంగా సమానంగా ఉంటే వాటిలో పుట్టే సరి హార్మోనిక్స్, అంటే రెండో రెట్టు, నాలుగో రెట్టు లాంటివి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. జంట కుదరకపోతే కొట్టేసుకోవు, శబ్దంలో మిగిలిపోతాయి. అలా మిగిలినది కొందరి చెవికి ‘వెచ్చగా’ వినిపిస్తుంది! దీనికి తోడు బాస్‌మన్ 5ఎఫ్6-ఎలో ట్యూబుల బయాస్ సర్దడానికి స్క్రూ అంటూ ఏమీ లేదు, ఒక స్థిరమైన రెజిస్టరు ఉండేదంతే. ఏ జత పెడితే ఆ జత తనకి తోచినంత కరెంటు లాక్కుంటుంది. ఇవన్నీ దాటి వచ్చిన సిగ్నల్ చివరికి స్పీకరులోని కాగితపు శంకువు ద్వారా బయటికి రావాలి. కాగితం మందం, దాని గుజ్జు, అంచుల బిగువు, వాయించీ వాయించీ అది మెత్తబడిన తీరు, వీటిలో ఏ రెండూ కలవవు. అక్కడికొచ్చేసరికి మనం మళ్ళీ పనసచెక్క దగ్గరికే వచ్చినట్టు.

అయితే ఒక్క మాట. రేడియోలు, టెలిఫోన్ ఆంప్లిఫయర్లు కూడా ఇలాంటి ట్యూబులతో, ఇలాంటి రెజిస్టర్లతోనే చేశారు కదా? వాటి గురించి ఎవరూ ఇలా మాట్లాడరేం? నా దృష్టిలో మొత్తం కథకి కీలకం ఇక్కడుంది.

1927 ఆగస్టులో హరాల్డ్ బ్లాక్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హడ్సన్ నది దాటే పడవలో ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే ఒక బొమ్మ, కొన్ని సమీకరణాలు గీశాడు. ఆయన బాధ టెలిఫోన్ లైన్లది. వేల మైళ్ళ లైనులో వరసగా ఎన్నో ఆంప్లిఫయర్లు ఉంటాయి. ట్యూబు ట్యూబుకీ తేడా ఉంటే, వాడుతున్న కొద్దీ గెయిన్ మారుతుంటే చివరికి మాట అర్థం కాదు. ఆయన ఉపాయం ఏమిటంటే, అవసరమైనదాని కంటే చాలా ఎక్కువ గెయిన్ పెట్టుకుని, అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తలకిందులు చేసి ఇన్‌పుట్‌కి వెనక్కి పంపడం. లోపల గెయిన్ 1,00,000 ఉండి, నూరో వంతు వెనక్కి పంపితే మొత్తం మీద వచ్చే గెయిన్ 99.9. ట్యూబులు ముసలివై లోపలి గెయిన్ సగానికి, అంటే 50,000కి పడిపోయిందనుకోండి. అప్పుడు వచ్చేది 99.8. లోపల 50 శాతం పోతే బయట పోయింది 0.1 శాతం! ట్యూబుల స్వభావం మాయమై రెండు రెజిస్టర్ల నిష్పత్తి మాత్రమే మిగిలింది. రెండు ఆంప్లిఫయర్లు ఒకేలా ఉండాలంటే మనిషి కనిపెట్టిన మందు ఇదే. ఇవ్వాళ్టి ప్రతి ఆప్-ఆంప్ చిప్పూ దీని మీదే బతుకుతోంది.

గిటారు ఆంప్‌ల వాళ్ళు ఈ మందు చాలా తక్కువ మోతాదులో వాడారు. కొన్నిట్లో అసలు వాడలేదు. ఇంగ్లండులో డార్ట్‌ఫర్డ్‌లో తయారైన వాక్స్ ఏసీ30లో పవర్ దశకి నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేదు. ఫెండర్ ట్వీడ్ డీలక్స్ 5ఇ3లోనూ లేదు. బాస్‌మన్, మార్షల్ లాంటి వాటిలో ఉన్నా అది ఒక హద్దు దాకానే పనిచేస్తుంది. వెనక్కి వచ్చిన సిగ్నల్ చూసుకుని తప్పు దిద్దుకోవాలంటే ఆంప్‌లో ఇంకా కొంత శక్తి మిగిలి ఉండాలి. నాబు బాగా పెంచేసి ట్యూబుల ఊపిరి ఆగిపోయేంత గట్టిగా వాయిస్తే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. ఆ క్షణంలో ఫీడ్‌బ్యాక్ ఉండీ లేనట్టే. ట్యూబు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు, వాటి అవకరాలన్నీ తెర తీసినట్టు బయటపడతాయి.

గిటారు వాయించేవాడికి కావలసింది సరిగ్గా ఆ క్షణమే! క్లాప్టన్ 1966లో డెక్కా స్టూడియోలో ఆంప్ తగ్గించనని పట్టుబట్టింది ఆ శబ్దం కోసమే. ఆంప్లిఫయర్లన్నీ ఒకేలా ఉండేందుకు ఇంజనీర్లు చేసిన ఏర్పాటు ఎక్కడ చేతులెత్తేస్తుందో అక్కడ ఈ సంగీతం మొదలవుతుంది. ఒకే మోడలువి వేరువేరుగా మోగడం నాణ్యత లోపమూ కాదు, మహిమా కాదు. ఆ పెట్టెని దాని డిజైన్ హద్దు దాటించి వాడుతున్నాం, హద్దు అవతల బొమ్మలో రాసిన విలువలు ఎవరికీ హామీ ఇవ్వవు.

ఇక కాలం చేసే పని. కార్బన్ కాంపోజిషన్ రెజిస్టర్లు గాలిలో తేమ పీల్చుకుని ఏళ్ళ మీద విలువ పెరుగుతాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. కప్లింగ్ కెపాసిటర్లు లీకై తర్వాతి ట్యూబు బయాస్‌ని జరుపుతాయి. ఒక ఆంప్ యాభై ఏళ్ళు పొడి గాలిలో మంచం కింద పడుకుంది, ఇంకొకటి రోజూ బార్లలో పొగలో, వ్యానులో కుదుపుల మధ్య బతికింది. పుట్టినప్పుడు కవలలైనా ఇప్పుడు కారు. గోడలో కరెంటు కూడా మారింది. అప్పటి ఫెండర్ల మీద 117 వోల్టులు అని ఉంటుంది, ఇప్పుడు అమెరికా ఇళ్ళలో 120 పైనే వస్తోంది. ఆ నాలుగైదు శాతం లోపలి ప్రతి వోల్టేజీనీ పైకి నెడుతుంది. ఇది చిన్న విషయం అనుకుంటే, 1978లో వచ్చిన మొదటి వాన్ హేలెన్ ఆల్బం గుర్తు చేసుకోండి. ఎడ్డీ వాన్ హేలెన్ వేరియాక్ అనే సాధనంతో మార్షల్‌కి వెళ్ళే కరెంటుని సుమారు 90 వోల్టులకి తగ్గించి వాయించేవాడు.

మధ్యలో ట్యూబులు ఎన్నిసార్లు మారి ఉంటాయో లెక్కే లేదు. అక్కడా పేర్ల మాయే. ఒకప్పుడు ముల్లార్డ్ ట్యూబులంటే ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీవి. ఆ తరం ఫ్యాక్టరీలు మూతపడ్డాక పేరుని వేరే కంపెనీ కొనుక్కుంది. ఇటీవలి దశాబ్దాల్లో ముల్లార్డ్, టంగ్-సాల్ ముద్రలతో అమ్మిన కొత్త ట్యూబులు రష్యాలో సరాతోవ్‌లో తయారైనవి. మన దేశానికీ ఈ కథలో చిన్న వేషం ఉంది. బెంగుళూరు జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారు చేసింది. మన తాతల రేడియోల కోసం చేసిన బీఈఎల్ ఈసీసీ83లు, ఈఎల్84లు పాత స్టాకు వెతుక్కునే విదేశీయుల చేతుల్లోకి చేరుతున్నాయి. లండన్‌లో పుట్టిన ఒక మార్షల్‌లో బెంగుళూరు ట్యూబు పాడుతోందంటే నమ్మలేని సంగతేమీ కాదు.

చెవుల భ్రమ అనేవాళ్ళకీ న్యాయం చెయ్యాలి. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చూపించారు, శబ్దం పెరిగే కొద్దీ మంద్ర, తార స్వరాలు మన చెవికి వినిపించే పాళ్ళు మారిపోతాయని. రెండు ఆంప్‌లలో ఒకటి రెండు డెసిబెల్స్ గట్టిగా ఉంటే చాలు, అదే ‘నిండుగా’ ఉందని మన చెవి ఓటేసేస్తుంది. కాబట్టి పోల్చేముందు నాబు అంకెలు చూడకుండా శబ్దం స్థాయి కొలిచి సమానం చెయ్యాలి. అలా చేశాక కొన్ని తేడాలు ఆవిరైపోతాయి. బొంగురుపోయే చోట ఉండే తేడా మాత్రం మిగులుతుంది.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, నేను ఇలాంటి ఆంప్ కొనే స్తోమత ఉన్నవాణ్ణి కాదు గానీ, మనలో చాలామంది ఇప్పుడు వీటిని సాఫ్ట్‌వేర్ రూపంలో వాడుతున్నాం. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్ అనే ఎర్ర డబ్బాతో మొదలైంది. 2011లో వచ్చిన కెంపర్ ప్రొఫైలర్ ఇంకో అడుగు ముందుకేసి, నిజమైన ఆంప్‌లోకి పరీక్ష శబ్దాలు పంపి అది పలికిన తీరుని పట్టుకుంటుంది. బాగానే ఉంది. కానీ అది పట్టుకునేది ఏ ‘ప్లెక్సీ’ని? ఫలానా ఒక్క ఆంప్‌ని, ఆ రోజు అందులో ఉన్న ట్యూబులతో, ఆ గోడ వోల్టేజీతో, ఎవరో రిపేరు చేసి మార్చిన ఆ కెపాసిటర్లతో. బయటికి వచ్చేసరికి ఆ వివరాలన్నీ రాలిపోయి ఫైలుకి ‘ప్లెక్సీ’ అనే పేరొక్కటే మిగులుతుంది. అప్పుడు ఫ్యాక్టరీ మారుస్తూ పోయిన వాటికి ఒకే పేరు పెట్టింది. ఇప్పుడు మనం ఒక్కదాన్ని లక్ష కాపీలు చేసి మొత్తం జాతి పేరు పెడుతున్నాం. రేపు ఆ ప్రీసెట్ విని పెరిగిన పిల్లలకి అదే అసలు శబ్దం అయిపోతుంది.

పాత ఆంప్‌ల విషయంలో కనీసం తీగ పట్టుకుని లాగడానికి ఆనవాళ్ళున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు మీద 606 అని ఉంటే షూమేకర్ కంపెనీది, దాని తర్వాతి అంకెలు ఏ ఏడు, ఎన్నో వారం అని. స్పీకరు మీద 220 అంటే జెన్సెన్, 465 అంటే ఆక్స్‌ఫర్డ్. పొటెన్షియోమీటరు మీద 304-6432 అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 1964లో 32వ వారం. ఫెండర్ ట్యూబ్ చార్టు మీద రెండక్షరాల ముద్ర, మొదటిది ఏడు, రెండోది నెల. వీటిని ఓపిగ్గా చదివినవాళ్ళ వల్లే పైన చెప్పిన చరిత్రలో చాలా భాగం మనకి తెలిసింది. కంపెనీలు రాసి పెట్టి కాదు.

ఎవరైనా మిత్రులు అమెరికాలో గరాజ్ సేల్‌లోనో ఇంకెక్కడో పాత ఆంప్ చూసి మనసు పారేసుకుంటే, ముందు పలక మీద పేరు చూసి డబ్బు లెక్కపెట్టకండి. ఏ భాగాలు అసలువి, ఏవి మార్చినవి, ట్యూబులు ఏవి, రిపేరు చేసినాయన ఏమైనా రాసిపెట్టాడా అని అడగండి. తర్వాత దాన్ని గట్టిగా వాయించి వినండి, వేరే చోట అదే మోడలు విన్న జ్ఞాపకంతో కాదు. ఎండిపోయిన కెపాసిటర్లని ‘ఒరిజినల్’ అని కాపాడుకోకండి, మార్పించి పాతవి కవర్లో పెట్టి దాచండి. మూత మాత్రం మీరు తియ్యొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపల 400 వోల్టుల పైన నిలవుండి చంపగలదు. అలాగే మీరెవరైనా ఆంప్ ప్రొఫైల్ తయారు చేసి పంచితే, దయచేసి ఏ ఏడాది ఆంప్, ఏ ట్యూబులు, ఏ స్పీకరు, ఎన్ని వోల్టులు అని నాలుగు లైన్లు పక్కన రాయండి. కోడ్‌కి రీడ్‌మీ రాయడానికే బద్ధకించే జాతి మనది, తెలుసు. కానీ ఇక్కడ ఆ నాలుగు లైన్లు లేకపోతే మిగిలేది ఉట్టి పేరే.